కషాయం పిప్పి

"ఒక్క సీసా మందు తెచ్చిస్తే మీ ల్యాబు అరిగిపోతుందా?" మట్టికుండలో మరిగిన దాన్‌షెన్ మూలిక వేర్ల కషాయాన్ని వడకడుతూ కూతుర్ని నిలదీసింది లాన్‌యింగ్.

"ఇంకా ఎలకలకే ఇస్తున్నామమ్మా."

"వాటి రక్తనాళాల్లో కొవ్వు కరిగిందన్నావుగా! ఎలకకి పనికొచ్చింది మీ నాన్నకి పనికిరాదా?"

"మనుషుల దాకా రావాలంటే ఏళ్ళు పడుతుంది."

"ఆయనకి అన్నేళ్ళున్నాయా?"

ఆ వేరులోంచి మందుని విడదీయడమే కూతురు యూన్‌షు ఉద్యోగం. లోపల మంచం మీద తండ్రి ఆయాసపడుతున్నాడు. గుండె నాళాలు పూడుకుపోయాయనీ, ఆపరేషన్‌కి తట్టుకోలేడనీ ఆసుపత్రివాళ్ళు నిన్ననే ఇంటికి పంపేశారు.

లాన్‌యింగ్ ఎర్రటి పిప్పిని తీసుకెళ్ళి సందు మధ్యలో కుమ్మరించింది. దాన్ని ఎవరు తొక్కితే జబ్బు వాళ్ళ కాళ్ళ వెంట పోతుందని ఆ సందులో అందరి నమ్మకం. అందుకే తెలిసినవాళ్ళు గోడవారగా నడుస్తారు. "ఇదేం మూఢత్వం" అంటూ యూన్‌షు ఎన్నోసార్లు చీపురుతో ఊడ్చేసింది.

"బస్సు పోతుంది, బయల్దేరు. చూసుకుని పక్కనుంచి వెళ్ళు."

యూన్‌షు నేరుగా వెళ్ళి ఆవిర్లు కక్కుతున్న పిప్పిలో రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది.

"ఓసి పిచ్చిదానా, ఇవతలికి రా!" తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "ఇవన్నీ నమ్మనంటావుగా!"

"నమ్మనమ్మా," అంటూనే ఆమె ఇంకాస్త గట్టిగా తొక్కింది.