లైన్లో పోలీసు

రెండో రోజు కూడా కూర్మమ్మ గది దాటి బయటికి రాలేదు.

బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనులో ఖాకీ బట్టల మనిషి కూర్చున్నాడు. ఆమె పేరున వచ్చిన పార్సిల్లో గంజాయి దొరికిందట. కేసు తేలేదాకా వీడియో ఆపకూడదట. ఇంట్లో ఎవరేం చేసినా తన కంట పడాలట. అంతా ఒడియాలో గద్దించి చెప్పాడు.

"హ ఆజ్ఞా," చిత్తమండీ అన్నట్టు కూర్మమ్మ తలూపుతోంది.

వాకిట్లో ఆమె మొగుడు కాశయ్య వల బాగుచేసుకుంటున్నాడు. నిన్న వేట నుంచి వచ్చి ఫోనులోకి తొంగిచూసినప్పటి నుంచి అతని నోరు పెగల్లేదు. గంజి కూడా తనే పోసుకున్నాడు.

గింజుకుంటున్నది కూతురు రింకి ఒక్కతే. కెమెరాకు కనబడకుండా గుమ్మం పక్కన నక్కి గుసగుసలాడింది.

"అమ్మా, కట్ సెయ్యే. ఆడు పోలీసు కాడు. ఫోన్లో అరెస్టు సెయ్యడం సట్టంలోనే నేదని బరంపురం కాలేజీలో మా సారు సెప్పినారు."

"నోర్ముయ్యే. మీ సారొచ్చి నన్ను ఇడిపిత్తాడేటి?"

ఖాకీ మనిషి మళ్ళీ గర్జించాడు. బ్యాంకులో ఉన్నదంతా తను చెప్పిన ఖాతాకు పంపితేనే విడుదల. సర్వర్ పనిచేయడం లేదని, రేపు చూద్దామని కూర్మమ్మ వినయంగా మనవి చేసుకుంది.

రేపు! గోపాలపూర్ ఒడ్డున ఎండుచేపలమ్మి అమ్మ దాచుకున్నదంతా రేపు ఊడ్చుకుపోతాడు. రింకి ఇక ఆగలేకపోయింది. పక్కింటికి పరుగెత్తి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసింది.

"ముందు ఆ కాల్ కట్ చెయ్యండి," అన్నారు అవతల.

రింకి ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఒక్క ఉదుటున గదిలోకి దూకి ఎర్ర బటన్ నొక్కేసింది.

ఖాకీ మనిషి గొంతు టక్కున ఆగిపోయింది.

"ఏటే, ఆపీసరు ఎల్లిపోనాడేటి?" వల కింద పడేసి లేచాడు కాశయ్య.

కూర్మమ్మ మొహంలో నెత్తురు లేదు. కూతురి చేతిలోంచి ఫోను లాక్కుంది. ఆ నంబరుకే వీడియో కాల్ చేసింది. ఖాకీ మనిషి తెరమీదికి వచ్చాడు. లైను తెగిపోయింది ఆజ్ఞా, క్షమించండి అని వాకిలి దాకా వినబడేలా మొత్తుకుంది.

కాశయ్య మళ్ళీ వల ముందు చతికిలబడ్డాడు.

అప్పుడు కూర్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని రింకి చెవిలో అంది:

"ఆడు దొంగని నాకు నిన్ననే తెలిసిపోనాదే, గానీ ఆ కాకీ బట్టలు సూత్తన్నంతసేపూ మీ అయ్య నన్ను కొట్టడు."