గుర్రమెక్కిన షావుకారు

తియ్యగా మాట్లాడి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని నిండా ముంచే నిశాంత్ లాంటి ద్రోహి అమెరికాలో ఈ ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఇంకొకడు లేడని బ్రహ్మయ్య నమ్మకం. ఆ పేరు ఇంటావిడ సంహిత నోట వినగానే సుత్తి మేకు మీద కాక వేలి మీద పడింది.

"అయ్యో, చూసుకోండి అంకుల్! నిశాంత్ మీకు తెలుసా? ఈ ఫార్మ్‌హౌస్ మాకు ఇప్పించింది ఆయనే. వెరీ నైస్ గై."

"పేరు విన్నానమ్మా" అన్నాడు బ్రహ్మయ్య వేలు విదిలించుకుంటూ.

అతను వచ్చింది పటాలు తగిలించడానికి. రెండున్నర శతాబ్దాల కిందట లండన్‌లో అచ్చేసిన వెక్కిరింపు బొమ్మలవి. సంహిత ముచ్చటపడి కొనుక్కుంది. మొదటి పటంలో బొజ్జ షావుకారు ఒకడు గుర్రం మెడ కావలించుకుని వేలాడుతున్నాడు. టోపీ ఒకచోట, విగ్గు ఒకచోట. వీధి వీధంతా పళ్ళికిలిస్తోంది.

"నాలుగు డబ్బులు రాగానే దొరల్లా గుర్రం ఎక్కేసేవాళ్ళట, రైడింగ్ రాకుండానే! ఫన్నీగా లేదూ?"

"పడేవాణ్ని చూస్తే ఎవరికైనా నవ్వేనమ్మా."

కిటికీ అవతల, కంచె దగ్గర ముసలి గుర్రం ఒకటి ఇటే చూస్తోంది.

"అది ఇంటితోపాటే వచ్చింది అంకుల్. నేను పిలిస్తే తోక చూపిస్తుంది. ఇందాక మీ వ్యాన్ చూసి మాత్రం పరిగెత్తుకొచ్చిందే!"

"జేబులో యాపిల్ ముక్క ఉందిలెండి."

"దాన్ని మేపలేక చస్తున్నాం. రేపు నిశాంత్ ట్రైలర్ పంపిస్తున్నాడు, ఆక్షన్‌కి."

బ్రహ్మయ్య చేతిలో పటం ఒరిగింది.

"ముసలిదాన్ని వేలంలో ఎవరు కొంటారమ్మా, మాంసానికి తప్ప? ఉండనీయండి. నాకు కూలి వద్దు. రోజూ వచ్చి మేత నేనే వేసిపోతా."

"మీకెందుకంకుల్ అంత ట్రబుల్?" సంహిత పటం వైపు చూపించి నవ్వింది. "మీరూ ఈయనలా ఎక్కుదామనా?"

బ్రహ్మయ్య షావుకారును గోడకు తిన్నగా నిలబెట్టాడు.

"సారీ అంకుల్, ఆల్రెడీ ఓకే చెప్పేశా."

అతను పనిముట్లు సర్దుకుని బయటికి నడిచాడు. కంచె దగ్గర గుర్రం ఎదురొచ్చి, అతని జేబులో మూతి దూర్చింది. జేబులో ఏమీ లేదు. అయినా మూతి తియ్యలేదు.

నిరుటిదాకా ఆ గుర్రమూ, అది నిలబడ్డ ఆరెకరాల ఇరవై సెంట్లూ బ్రహ్మయ్యవే.