దుబాయి రాకెట్

“కాపీ కొడితె కొట్టినవు, అదన్న సక్కగ కొట్టరాదా?” అంటూ కిషన్ రావు రెండు రాకెట్లను యాకయ్య ముందు పెట్టాడు.

రెండూ ముక్కకు ముక్క తొడిగి కట్టే ప్లాస్టిక్ రాకెట్లే. ఒకటి మట్టెవాడలో, ఈ ఇంటి వసారాలోనే, చేతి మిషన్ మీద ప్లాస్టిక్ కరిగించి యాకయ్య పోసింది. కిషన్ రావు తన బొమ్మల దుకాణంలో అమ్మేది దీన్నే. రెండోది ఆయన బామ్మర్ది శ్రీనివాస్ దుబాయి నుంచి మేనల్లుడికి తెచ్చింది. ఆ శ్రీనివాస్ కూడా వెనకే వచ్చి, నల్ల కళ్లద్దాలు తియ్యకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

యాకయ్య రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు రాకెట్లూ ఒక్క తీరే ఉన్నాయి. అవే రెక్కలు, అదే తోక. లోపల కూర్చున్న డ్రైవరుకు కూడా అవే మూడు కళ్లు. వేరే లోకం నుంచి వచ్చేవాడికి మనలాగా రెండే ఎందుకుండాలని, ఆరు నెలల కిందట తన బుర్రతో తాను ఆలోచించి పెట్టిన కళ్లవి!

“సేటూ, ఇది నేను నా మనసుల అనుకొని చేసిన. ఎవల్ని చూసి చెయ్యలే.”

“అయితె దుబాయోడు నీ ఇంటికొచ్చి చూసి పోయిండా?”

కిషన్ రావు దుబాయి రాకెట్‌ను యాకయ్య ముక్కు దగ్గర పెట్టాడు.

“ఫారిన్ మాల్ ఫారిన్ మాలే. ఆ మెరుపు చూడు. వాసన చూడు, సెంటు కొట్టినట్టు లేదూ? నీదేమొ కాలిన బకెట్ వాసన. దాన్ని తొడిగితె టిక్కుమంటది, నీది టక్కుమంటది. జర విప్పి చూసి నేర్చుకో. మాపటికి వస్త. దాని తీరుగ చేసి చూపెడితెనే మేడారం జాతరకు నీ మాల్ తీస్కపోత. లేకపోతె పట్నం నుంచి తెప్పిస్త.”

యాకయ్య ఆశంతా ఆ జాతర మీదే. నాలుగు నెలలు రెక్కలు ముక్కలు చేసుకుని ఇల్లంతా రాకెట్లతో నింపాడు. కిషన్ రావు కాదంటే అవి పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరావు.

వాళ్లు వెళ్లగానే రెండింటినీ ఒక చాటలో పెట్టి విప్పాడు. ఇందులో నలభై రెండు ముక్కలు, అందులోనూ నలభై రెండే. దుబాయి రెక్క తన రాకెట్‌కు పెట్టాడు. పట్టింది. తన తోక దుబాయి రాకెట్‌కు పెట్టాడు. అదీ పట్టింది. చెవి దగ్గర పెట్టుకుని తొడిగాడు. ఒకసారి టిక్కుమంది, ఒకసారి టక్కుమంది. ఒకసారి ఏమన్నదో తెలియలేదు. మళ్లీ విప్పాడు, మళ్లీ తొడిగాడు.

భార్య మొగిలమ్మ ఉల్లిగడ్డలు కోస్తున్నదల్లా లేచి వచ్చింది.

“రెండు ఒక్కటే గదనయ్యా!”

“మెల్లగ. ఎవలన్న వింటె నవ్వుతరు. ఒకటి ఫారిన్‌ది.”

“ఏది?”

యాకయ్య చాటలోకి చూశాడు. ఎనభై నాలుగు ముక్కలూ కలిసిపోయి ఉన్నాయి. సేటు ఇంటి ఫారిన్ సామాను! ఇప్పుడు ఏది ఏదని విడదియ్యాలి?

“వాసన చూడవే! సెంటు వాసనొస్తే ఆయనది.”

మొగిలమ్మ ఒక్కొక్క ముక్కే ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇది సెంటు. ఇది బకెట్. ఇది సెంటు. ఇది... ఏమో, ఉల్లిగడ్డ వాసనొస్తాంది.”

కాసేపటికి అన్నీ ఉల్లిగడ్డ వాసనే వచ్చాయి. అందిన ముక్కనల్లా తొడిగి రెండు రాకెట్లు నిలబెట్టేసరికి పొద్దు గుంకింది. కొత్తది పొయ్యనేలేదు. అంతకంటే పెద్ద బాధ మరొకటి యాకయ్యను పట్టుకుంది. హన్మకొండలో ఏ దుకాణంలోనో ఈ రాకెట్‌ను చూసి, ఆ సంగతి మర్చిపోయి, తన ఊహే అనుకున్నాడా? ఆ మూడు కళ్లు కూడా ఇంకొకరివేనా? దొంగతనం చేసినవాడికి చేశానని తెలుస్తుంది. తనకు అది కూడా తెలియడం లేదు. ఏడుపొచ్చింది.

చెప్పినట్టే కిషన్ రావు వచ్చాడు. వెంట శ్రీనివాస్. కిషన్ రావు క్షణమైనా తడుముకోకుండా ఒక రాకెట్ పట్టుకున్నాడు.

“ఇగో, ఫారిన్‌ది! కండ్లు మూసుకొని చెప్త. పక్కన ఇది నీది. పొద్దటి కంటె ఇంక పాడైంది. నీతోని కాదు గని ఇడిసిపెట్టు. పట్నం మాలే తెప్పిస్త.”

ఆయన పట్టుకున్నది ఎవరి రాకెట్టో యాకయ్యకు తెలియదు. కాదనడానికీ లేదు, అవుననడానికీ లేదు. కిషన్ రావు దాన్ని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

“నువ్వు నడు బావా, వస్త” అని శ్రీనివాస్ ఆగాడు.

మొగిలమ్మ ఇంట్లో రాకెట్ల కుప్పలు చూసి నెత్తి పట్టుకుని కూలబడింది. యాకయ్య శ్రీనివాస్ దగ్గరికి వచ్చాడు.

“జాతర పోతె పోయింది శ్రీనివాసూ. నాకు ఒక్కటే చెప్పు. దుబాయిల ఈ రాకెట్లు ఎన్నేండ్ల సంది అమ్ముతాండ్రు? నేను దొంగనా, కాదా, అది తెలుస్తె చాలు.”

శ్రీనివాస్ కళ్లద్దాలు తీశాడు. బావ గల్లీ మలుపు తిరిగేదాకా అటే చూశాడు.

“నువ్వు దొంగవు కాదు యాకన్నా. పిల్లగానికి రాకెట్ తెస్తనని ఉత్తరం రాసి, అక్కడ కొనుడు మర్చిపోయిన. ఇజ్జత్ పోతదని...”

“మరి ఇదెక్కడిది?”

“మొన్న బస్సు దిగంగనే, బావ అన్నానికి పోయిన టైముల, ఆయన దుకాణంలనే కొన్న.”