క్యాలెండర్లో లేని పండగ

తలుపుకున్న కంతలోంచి బయటికి చూసిన లిఫ్టు మెకానిక్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. గుమ్మంలో కంపెనీ మేనేజరు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కేకు డబ్బా, ఇంకో చేతిలో రంగుల బుడగలు.

"కొంప మునిగింది," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "మా మేనేజరు వచ్చాడు. మన జాతీయ పండగ చూడ్డానికి!"

"అదేంటండీ! దానికింకా నాలుగు నెలలుంది కదా?"

"పెళ్ళన్నా చావన్నా సెలవివ్వడు. సొంత దేశం పండగంటే మాత్రం కాదనడు. అందుకే ఇవాళేనని చెప్పి సెలవు తీసుకున్నాను."

గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. పదకొండింటికి కొత్త కంపెనీ వాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తారు. ఆ ఉద్యోగం వస్తే ఏడాదికో నెల సెలవు, ఇంటిల్లిపాదికీ రానూపోనూ టిక్కెట్లు. ఈ కంపెనీలో చేరిన ఆరేళ్ళలో ముగ్గురూ ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు.

బెల్లు మళ్ళీ మోగింది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. ముందు తలుపు తియ్యండి," అంటూ ఆమె బీరువాలోంచి పట్టుచీర లాగి గదిలోకి పరుగెత్తింది.

మేనేజరు తన భాషలో శుభాకాంక్షలు చెప్పి, మెకానిక్‌ని గట్టిగా కావలించుకుని, ఉన్న ఒక్క సోఫాలో సగం ఆక్రమించాడు.

"ఇన్నేళ్ళు నీ పండగకి ఒక్కసారీ రాలేదు. తప్పు నాదే. ఇంతకీ జెండా ఏదీ?"

మెకానిక్ మూలనున్న కూతుర్ని చూపించాడు. "పాప గీస్తుంది సార్. మాలో పిల్లలే గీయాలి, అదో ఆనవాయితీ."

ఎనిమిదేళ్ళ కూతురు నోరు వెళ్ళబెట్టింది. పైగా బడిలో నేర్చిన మేనేజరు భాషలోనే అడిగింది. "నాన్నా, మన పండగ ఇంకో నాలుగు నెలలకి కదా?"

"దీనికి లెక్కలు రావు సార్. నెలలు కూడా సరిగ్గా చెప్పలేదు," అంది అప్పుడే చీర కట్టుకుని వచ్చిన తల్లి.

లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చే పిల్ల పెదవి వణికింది. తల్లి దాన్ని దగ్గరికి లాక్కుని, చేతిలో రంగు పెన్సిళ్ళు పెట్టింది. మేనేజరు పకపకా నవ్వాడు.

టీ ఇచ్చారు, తాగాడు. కేకు కోశారు, తిన్నాడు. ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు.

"మీకు ఆఫీసులో పనులుంటాయేమో సార్..."

"పనులెప్పుడూ ఉండేవే. ఇవాళంతా నీతోనే!"

"అయితే కూర్చోండి సార్, వీధి చివర దుకాణం దాకా వెళ్ళి మిఠాయి పట్టుకొస్తాను."

"పద, నేనూ వస్తా. కారు కిందే ఉంది."

మెకానిక్ మళ్ళీ కూలబడ్డాడు. పదేళ్ళుగా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగిన మనిషి, ఇప్పుడు తన ఇంట్లో తన సోఫాలో ఇరుక్కుపోయాడు. ఫోను చొక్కా జేబులో ఉంది. మోగితే ఈయన ముందు మాట్లాడలేడు. మాట్లాడకపోతే ఆ ఉద్యోగం రాదు. ఏ సాకూ తోచడం లేదు. భార్య వంక చూస్తే ఆమె గడియారం వంక చూస్తోంది.

పదకొండుకి రెండు నిముషాలుందనగా మేనేజరు లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతాడేమోనని మెకానిక్ కూడా ఆశగా లేచాడు.

"మీ జాతీయగీతం పాడరా?" అన్నాడు మేనేజరు.

చేసేది లేక గోడకి అంటించిన కాగితం జెండా ముందు ముగ్గురూ వరసగా నిలబడ్డారు. ఎలాగో ముగించేద్దామని మొదలుపెట్టాడు మెకానిక్. రెండో పాదానికే గొంతు పూడుకుపోయింది. పండగ దొంగదే గానీ ఏడుపు నిజంగానే వచ్చింది. పక్కన భార్య గొంతూ జీరపోయింది. కూతురొక్కతే తప్పుల్లేకుండా చివరిదాకా పాడింది. ఆ కాసేపూ అతనికి ఫోనూ గుర్తు లేదు, మేనేజరూ గుర్తు లేడు.

పాట అయ్యేసరికి పదకొండు దాటింది. ఫోను మోగలేదు. పదకొండుంబావైంది. మోగలేదు. అతను నాలుగుసార్లు జేబు తడుముకున్నాడు. ఒకసారి బయటికి తీసి చూసి, టైమెంతైందో చూస్తున్నట్టు నటించాడు. ఎదురుగా గోడమీద అంత గడియారం ఉంది.

పదకొండున్నరకి మేనేజరు తీరిగ్గా మూతి తుడుచుకుని లేచాడు. పాప తల నిమిరాడు, ఇల్లాలికి దండం పెట్టాడు. గుమ్మం దగ్గర మెకానిక్ భుజమ్మీద చెయ్యి వేశాడు.

"ఆ ఫోను ఇక చూడకు, మోగదు. నీ పనితనం గురించి వాకబు చెయ్యడానికి వాళ్ళు నిన్న నాకే ఫోను చేశారు. పండగపూట మా వాణ్ణి విసిగించొద్దని గట్టిగా చెప్పేశాను."

మెకానిక్ చెయ్యి జేబు మీదే ఆగిపోయింది.

మేనేజరు బూట్లు తొడుక్కుని, లిఫ్టు బటన్ నొక్కి, వెనక్కి తిరిగి నవ్వాడు.

"నాలుగు నెలల తర్వాత, అసలు పండగకి కూడా నన్ను పిలవడం మర్చిపోకు!"