చేరని దుడ్లు

"ఆర్పు రామాంజీ! నా దుడ్లు నీకు చేరలేదని అమ్మవారి ముందర చెప్పి కర్పూరం ఆర్పు. ఇప్పుడే మళ్ళీ ఇస్తా!"

ఓబుళేశు అరుపుకి ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధి వీధంతా మగ్గాలు ఆపేసి చౌడమ్మ గుడి ముందుకొచ్చింది. పూజారి పట్టుకున్న పళ్ళెంలో కర్పూరం బిళ్ళ మండుతోంది. రామాంజి తల వంచుకుని దాని ముందు నిలబడ్డాడు. అతను నేసిన చీరలు ఓబుళేశు అంగట్లో ఎప్పుడో అమ్ముడుపోయాయి. వాటి డబ్బు గురించే ఈ గొడవంతా.

"ఒట్టెందుకప్పా? రాలేదంటే రాలేదు. నా ఫోను నువ్వే చూసినావు గదా," అన్నాడు రామాంజి.

"నా ఫోను గూడా చూడు మళ్ళ! నా క్రిప్టో వాలెట్‌లోంచి నీ వాలెట్‌కి పంపినట్టు ఈడ ఉండాది." ఓబుళేశు ఫోను తీసి జనం మొహాల ముందు తిప్పాడు. ఆ ఇంగ్లీషు ఎవరికీ సరిగా అర్థం కాలేదు గానీ, రామాంజి పేరూ పక్కనున్న అంకే అందరికీ కనిపించాయి. "చీరలు కొనే దుబాయోళ్ళు నాకు కాయిన్లలో కడతాండారు, నీకూ అట్లే ఇస్తానంటే తలూపినావు. ఇప్పుడు రాలేదంటాండావు. అంటే నేను అబద్ధాలకోరునా?"

రామాంజి కర్పూరం మీదికి అరచేయి చాచాడు. వెనకనుంచి అతని భార్య గంగాదేవి గబగబా వచ్చి ఆ చేతిని పట్టేసుకుంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

"వద్దు! నీకు దండం పెడతా, ఒట్టు మాత్రం వద్దు."

"నేను చెప్పేది నిజమే గదే, భయమెందుకు?"

"నిజమైనా సరే. కడుపుతో ఉండేదాన్ని ఇంట్లో పెట్టుకోని ఎవరన్నా కర్పూరం ఆర్పుతారా? ఇప్పటికే ఒకసారి పోగొట్టుకుంటిమి. దుడ్లు పోతే పోనీ. ఈ బిడ్డన్నా నాకు దక్కాల."

రామాంజి ఆమె మొహం వైపు చూశాడు. చాచిన చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"వచ్చినాయప్పా," అన్నాడు. "దుడ్లు వచ్చినాయి. నేనే అబద్ధం చెప్పినా."

"థూ!" అని ఎవరో ఉమ్మేశారు. "అమ్మవారి ముందర గాబట్టి బయటపడినాడు. రేపట్నించి వీనికి నూలెవరిస్తారు?" అన్నాడు వీధి పెద్ద పుల్లన్న. గంగాదేవికి కళ్ళు తిరిగితే రామాంజి ఆమెను గుడి మెట్ల మీద కూర్చోబెట్టి తువ్వాలుతో విసరసాగాడు. కర్పూరం ఎవరూ ఆర్పకుండానే అయిపోయింది.

ఓబుళేశు గెలిచినవాడిలా అరుగు మీద కూర్చుని, ఆదోని నూలు వ్యాపారికి పంపాల్సిన బాకీ కోసం ఫోను నొక్కాడు. పోలేదు. మళ్ళీ నొక్కాడు. పోలేదు. పక్కనే ఉన్న భార్య శిల్ప చేతిలో ఫోను పెట్టాడు. అంగడి ఆన్‌లైన్ అమ్మకాలన్నీ చూసుకునేది ఆమే.

"నిన్నట్నించి ఎవురికీ పోతా లేదు. ఏమయిందో చూడు."

శిల్ప చూసి గొంతు తగ్గించింది. "పోదు. ముందర ఒకటి ఇరుక్కోని ఉండాది. ఇవన్నీ వరసలో నిలబడతాయి. ముందరిది కదిల్తేనే ఎనకది కదిలేది."

"ఎందుకిరుక్కునింది?"

"పంపేదానికి కట్టే ఫీజు చాలక. అది అడిగిన ఫీజు నువ్వేమన్నా తగ్గించినావా?"

"తగ్గించినా. అడిగినంత ఇచ్చేస్తే ఇంక యాపారమేముంది?"

కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి. ఆఖరికి ఫోనుతో కూడా ఆడాడు మహానుభావుడు!

"అందుకే అది యాడికీ చేరలేదు. పెండింగ్ అని కింద చిన్నగా రాసుండాది, చదవలేదా?"

"సరేలే. ఎవురికి పంపింది అది?"

శిల్ప ఫోను అతని కళ్ళ ముందు పెట్టింది.

ఇందాక జనానికి చూపించిన రామాంజి పేరే.

"ఇప్పుడేం చేయాల?" అన్నాడు ఓబుళేశు.

"ఫీజు పెంచితే ఆయప్పకు పోతాది. రద్దు చేస్తే మన దగ్గరే ఉంటాది." శిల్ప అంతటితో ఆగక, "రద్దు చేస్తే ఎవురికీ తెలీదు. ఆయప్ప ఒప్పుకున్నాడు గూడా," అంది. అది సలహా కాదు. మొగుడేమంటాడో చూద్దామని అంది.

ఓబుళేశు మెట్ల వైపు చూశాడు. ఆదోని బాకీ గుర్తొచ్చింది. రద్దు చేస్తే ఆ డబ్బుతోనే అది తీరిపోతుంది, వీధిలో తన మాటే నిలుస్తుంది. కానీ రామాంజి పొద్దున్నుంచి చెప్పిందంతా నిజం. చివర్లో చెప్పిన ఒక్క మాటే అబద్ధం. అందరూ నమ్మింది ఆ ఒక్కదాన్నే. ఓబుళేశుకి సిగ్గేసింది. పెళ్ళాం మొహం చూడ్డానిక్కూడా సిగ్గేసింది.

"నేను చెప్పేదాకా ఏమీ నొక్కద్దు," అన్నాడు.

శిల్ప మొహం చిన్నబోయింది.

అతను లేచి నిలబడ్డాడు. "ఎవురూ పోవద్దండి! సామీ, ఇంకో బిళ్ళ ముట్టించు!"

"ఒప్పుకున్నాడు గదప్పా," అన్నాడు పుల్లన్నే ఇబ్బందిపడుతూ. "ఆ యమ్మ కడుపుతో ఉండాది. ఇంకా ఏం ఆర్పిస్తావు?"

కర్పూరం మళ్ళీ అంటుకుంది. గంగాదేవి ఏడుస్తూ లేవబోయింది. రామాంజి పరుగున వచ్చి చేతులు జోడించాడు.

"తప్పైపోయింది ఓబుళేశప్పా. ఊరిడిసి పొమ్మంటే పోతా. ఒట్టు మాత్రం అడగొద్దు."

ఓబుళేశు అతన్ని పక్కకు జరిపి, "నా దుడ్లు రామాంజికి చేరలేదు తల్లీ!" అని వీధంతా వినేటట్టు చెప్పి, తన అరచేత్తో ఆ కర్పూరం ఆర్పేసి, పెళ్ళాం వైపు తిరిగి, "ఇప్పుడు పంపు," అన్నాడు.