పక్క కుర్చీ

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మధ్యలో వదిలేసిన స్వరూప, వనపర్తి నెట్ సెంటర్లో కూర్చుని ఆన్‌లైన్ సైబర్ సెక్యూరిటీ పీజీకి అప్లికేషన్ నింపుతోంది.

“మంచిగ సదువుతుంటివి గద బిడ్డా. ఎందుకిడిసిపెట్టినవ్?” వెనక నిలబడ్డ తండ్రి పొద్దుటి నుంచి అదే అడుగుతున్నాడు.

“ఇదైతే ఇంట్ల కూసొని చదువుకోవచ్చు నాయినా. దినాం మహబూబ్‌నగర్ బస్సెక్కే పని ఉండదు.”

ఎవరో ఒకామె వచ్చి, పక్క కుర్చీ మీద స్వరూప వేసి ఉంచిన దస్తీని చూసింది. “ఈడ ఎవరన్న ఉన్నరా?”

“మా రూతు వస్తది,” చూపు తిప్పకుండానే అంది స్వరూప, రోజూ బస్సులో స్నేహితురాలికి సీటు ఆపినప్పుడు అన్నట్టే.

అన్నాక వేళ్లు ఆగిపోయాయి.

రూతును మట్టి చేసి నెల కూడా కాలేదు.

తండ్రి ఆ దస్తీని తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఎవరు రారమ్మా, కూసో,” అన్నాడు ఆమెతో.

బిడ్డను మళ్లీ ఎందుకని అడగలేదు.