బంక వేడిగా ఉండగా

ఈసారి కూడా వయొలిన్ పైచెక్క అంటుకోలేదు.

చెక్కను బిగించి పట్టే క్లాంపులు విప్పగానే ‘టిక్’మని చిన్న చప్పుడు. అంచు పొడుగునా చెక్క లేచి కూర్చుంది.

కోడలు వేలితో నొక్కి చూసింది. మళ్లీ లేచింది.

వయొలిన్లు బాగుచేసే ఆ దుకాణం మామగారిది. ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుంది గానీ, ఒంటరిగా చేయడం ఇదే మొదలు. ఊడిన ప్రతిసారీ అంచు కాస్త పెచ్చులు లేస్తోంది. ఇంకొక్కసారి ఊడిందా, ఇక వయొలిన్ ఉండదు, పొయ్యిలోకి పుల్లలే.

పైగా దాని ఆసామి మామూలు మనిషి కాదట. ఆమె ఆయన్ని చూడనేలేదు. డ్రైవరు తెచ్చిచ్చి, “లోపల మాత్రం ఏమీ తుడవకండమ్మా” అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు. వెనకటికి లోపల గీకబోయిన మేస్త్రీని ఆయన చేతికర్ర పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమాడని బజారంతా చెప్పుకుంటారు.

లోపల తుడవడానికి ఏముంది గనక? అడుగుచెక్క మీద ఎప్పుడో కారి ఎండిపోయిన బంక చుక్క. దాని మీద చింతగింజంత వేలిముద్ర. అంతే.

తోలుబంక గిన్నెను మళ్లీ వేడినీళ్ల గిన్నెలో పెట్టి మంట పెంచింది.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

“ఎవరది?”

“తలుపు తియ్యమ్మా. వయొలిన్ విప్పి ఉందటగా. మూసేసేలోపు లోపల ఒక్కసారి చూసి వెళ్లిపోతాను.”

ముసలి గొంతు. ఆమె దుకాణంలో ఒక్కతే ఉంది. ఎవడో దొంగవెధవ కాదు గదా?

“బంక పొయ్యి మీద ఉండగా తలుపు తియ్యం! చలిగాలికి గడ్డకడుతుంది!” అది మామగారి కట్టడి.

“ఒక్క నిమిషమేనమ్మా...”

“అయ్యా, మీకు దణ్ణం పెడతాను, వెళ్లిపోండి! నిన్నటినుంచీ అతికిస్తుంటే ఊడిపోతోంది. ఆ ఆసామి చూశాడంటే నన్ను నిలువునా పాతేస్తాడు!”

అంటూనే ఏడ్చేసింది.

కొంగుతో కళ్లు తుడుచుకుని తలుపు వైపు తిరిగింది.

“వెళ్లారా?”

“లేదు.”

“అసలెవరు మీరు?”

“దారిన పోయేవాణ్ణిలే. బంక వాసన వీధిలోకి కొడుతోంది. కుతకుతా ఉడకనిచ్చావా?”

“తొందరగా కరుగుతుందని...”

“పారబొయ్యి. ఉడికితే దాని పట్టు చచ్చిపోతుంది. నానేసిన బంక ఇంకా ఉందా?”

“ఉంది.”

“అది పెట్టు. నీళ్లలో వేలు ముంచితే చురుక్కుమనాలి, బొబ్బెక్కకూడదు. అంతకు మించి వేడి వద్దు.”

దొంగయితే ఇన్ని తెలుస్తాయా? ఏమో, తెలిస్తే మాత్రం? అనుకుంటూనే చెప్పినట్టు చేసింది. కాసేపటికి బంక తేనె రంగుకు తిరిగింది.

“కుంచె ఎత్తి చూడు.”

“ముద్దలుగా పడుతోంది.”

“కాసిని వేడినీళ్లు కలుపు. సన్నటి ధారలా జారాలి.”

“జారుతోంది! జారుతోందండీ!”

“చెక్క ఎలా ఉంది?”

చెయ్యి వేసి చూసింది. “చల్లగా ఉంది.”

“అదీ, నీ కొంప ముంచింది అదే. చల్లటి గిన్నెలో నెయ్యి పోస్తే ఏమవుతుంది? పేరుకుంటుంది. ఇదీ అంతే. రెండు అంచులూ సెగకు వెచ్చచెయ్యి, కిటికీ గట్టిగా వెయ్యి.”

వెచ్చచేసింది. కిటికీ వేసింది. గబగబా అంచంతా కుంచె తిప్పింది.

“మూసెయ్యనా అండీ?”

ఈసారి జవాబు వెంటనే రాలేదు.

“అండీ! చల్లారిపోతోంది! మూసెయ్యనా?”

“మూసెయ్యి తల్లీ.”

పైచెక్క పెట్టి క్లాంపులు బిగించింది. అంచు చుట్టూ బంక సన్నటి గీతలా సమంగా ఉబికింది. మామగారు పెట్టినప్పుడు ఎలా ఉబికేదో, అచ్చం అలాగే.

పరుగున వెళ్లి తలుపు తీసింది. ఎవరూ లేరు. తడి మెట్ల మీద చేతికర్ర మోపిన గుండ్రటి గుర్తులు మాత్రం ఉన్నాయి.

సాయంత్రం క్లాంపులు విప్పింది. చప్పుడు లేదు. చెక్క బిర్రుగా పట్టుకుంది. హమ్మయ్య అనుకునేలోపే డ్రైవరు వచ్చాడు.

“అయ్యగారు పొద్దున మీ దగ్గరికే వచ్చారటగా?” అన్నాడు. “ఇంటికొచ్చి, ‘అమ్మాయి పని బాగా చేసింది’ అన్నారంతే. ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. లోపల చూపించారా?”

“ఆయన రాలేదే! ఎవరో దారిన పోయే...”

ఆమె కళ్లు మెట్లవైపు తిరిగాయి.

“చూడలేదా?” డ్రైవరు ముఖం పాలిపోయింది. “మళ్లీ విప్పడానికి వీలుందా అమ్మా?”

“ఇప్పుడు విప్పితే ఇక అంచు మిగలదు” అంది. “లోపల ఏముందని?”

వయొలిన్‌ను పసిబిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు డ్రైవరు.

“ఇది ఆయన స్వయంగా చేసిందేనమ్మా. చేస్తుండగా పక్కన ఆడుకుంటూ బంక చుక్క మీద వేలు నొక్కింది వాళ్ల పాప. ఆ పాప పోయాక ఆయనకు మిగిలింది ఆ ముద్ర ఒక్కటే.”